హీటర్ సంగతి తర్వాత చూద్దాం: చలికి మైలేజీ పడిపోయిన ఒక కారు కేసు

నేపథ్యం

మా షెడ్డు నర్సీపట్నం దగ్గర, లంబసింగి ఘాట్ మొదలయ్యే లోపే ఉంటుంది. ఏడాదిలో పది నెలలు మా దగ్గరికి వచ్చేవి ఇంజన్ వేడెక్కిపోయిన బళ్లే. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం కొండమీంచి వేరే జబ్బులు దిగుతాయి. బ్యాటరీ లేవట్లేదు, పొద్దున్నే స్టార్టవ్వట్లేదు, మైలేజీ రావట్లేదు. మొదటి రెండూ చూడగానే తేలిపోతాయి. మూడోది అలా తేలదు. మైలేజీ అనేది బండిలో ఒకచోట ఉండే వస్తువు కాదు, విప్పి చూపించడానికి.

ఇది ఆ మూడోరకం కేసు. ఇందులో నేను రెండుసార్లు తప్పుదారి పట్టాను, ఒకసారి కస్టమరు చేత అనవసరంగా ఖర్చు కూడా పెట్టించాను. అందుకే రాస్తున్నాను. మనిషినీ ఊరినీ గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కారు మోడల్ కూడా చెప్పను. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను, బీఎస్ 4, డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగిన చిన్న కారు. డ్యాష్‌బోర్డులో వేడి చూపించే ముల్లు లేదు. ఇంజన్ చల్లగా ఉంటే నీలి దీపం, వేడెక్కిపోతే ఎర్ర దీపం. అంతే.

యజమాని కొండమీద, సుమారు 900 మీటర్ల ఎత్తున్న ఊళ్లో సైన్సు మాస్టారు. ఇంటి నుంచి బడికి ఆరు కిలోమీటర్లు, మళ్లీ ఆరు. రోజూ అంతే.

వచ్చిన ఫిర్యాదు

"ఏటి బాబూ, చలొచ్చిందంటే చాలు, బండి పెట్రోలు తాగేస్తంది" అన్నారు మాస్టారు. "ఎండాకాలం లీటరుకు పదిహేడిచ్చింది. ఇప్పుడు పదకొండు. అమెరికాలో మా అబ్బాయిని అడిగితే చలికి అక్కడా పడిపోద్ది, మామూలే అంటన్నాడు. మామూలే అయితే చెప్పెయ్, ఊరుకుంటాను."

కారు దిగి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి ఇంకో మాటన్నారు. "హీటర్లోంచి వేడి రావట్లేదు. అది తర్వాత చూద్దువులే, ముందు దీని సంగతి చూడు."

జాబ్ కార్డులో రెండు వరుసలు రాశాను. ఒకటి, మైలేజీ తక్కువ. రెండు, హీటర్. రెండోదాని పక్కన 'తర్వాత' అని కూడా రాశాను. ఆ కార్డు ఇప్పటికీ నా టేబులు సొరుగులో ఉంది.

మామూలే అనవచ్చా

వాళ్లబ్బాయి చెప్పింది తప్పు కాదు. చలికి మైలేజీ తగ్గడం నిజమే. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. కొంత మానిఫోల్డు (ఇంజన్లోకి గాలి వెళ్లే గొట్టం) గోడలకే తడిలా అంటుకుపోతుంది, అందుకని ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటరు, ఈసీయూ, కావలసిన దానికంటే ఎక్కువ చిమ్మిస్తుంది. ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజన్ తిరిగేటప్పుడు, ఆర్‌పీఎం పెంచుతుంది. ఇంజనాయిలు, గేరాయిలు, బేరింగు గ్రీజు అన్నీ గట్టిపడి ఉంటాయి కాబట్టి వాటిని తిప్పడానికే కొంత బలం పోతుంది. ఇంజన్ వేడెక్కాక ఇవన్నీ సర్దుకుంటాయి. ఆరు కిలోమీటర్ల ప్రయాణంలో ఆ సర్దుకునే సరికే బడి వచ్చేస్తుంది. అదీ చిక్కు.

అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం 25 డిగ్రీల దగ్గర ఇచ్చే మైలేజీతో పోలిస్తే మైనస్ 7 డిగ్రీల దగ్గర ఊళ్లో తిరిగే పెట్రోలు కారు సుమారు 15 శాతం తక్కువిస్తుంది. ఐదారు కిలోమీటర్ల పొట్టి ప్రయాణాలైతే 24 శాతం దాకా పడుతుంది. అది గడ్డకట్టే చలి. మాస్టారి ఊళ్లో ఆ వారం పొద్దున్న ఎనిమిది తొమ్మిది డిగ్రీలుంది, మధ్యాహ్నానికి ఇరవై దాటుతోంది. పదిహేడు నుంచి పదకొండుకంటే మూడోవంతు పోయినట్టు. మైనస్ చలిలో పోనంత మైలేజీ ప్లస్ తొమ్మిదిలో పోయిందంటే దాన్ని మామూలనడం కుదరదు.

ఇంతవరకూ నా ఆలోచన సరిగ్గానే నడిచింది. తర్వాతే పక్కకు పోయింది.

మొదటి ప్రయత్నం

అందరూ చేసేదే చేశాను. ఎయిర్ ఫిల్టరు మార్చి, ప్లగ్గులు చూసి, ఇంజన్లోకి పోయే గాలిని అదుపుచేసే థ్రాటిల్ బాడీ కడిగాను. టైర్లలో గాలి 27 పీఎస్ఐ ఉంది, 33కి పెట్టాను. చలికి టైరులో గాలి బిగుతు తగ్గుతుంది, సుమారు ఐదారు డిగ్రీలకు ఒక పీఎస్ఐ చొప్పున. అయితే ఒక్కో పీఎస్ఐకి పోయే మైలేజీ 0.2 శాతమే. ఆరు పీఎస్ఐ సరిచేస్తే వచ్చేది ఒక్క శాతం చిల్లర. మూడోవంతు పోయిన చోట ఇది ఏ మూలకు? అది తెలిసీ చేశాను. తెలిసినా తెలియకపోయినా చెయ్యాల్సిన పనే అనుకోండి.

మాస్టారికీ ఒక అనుమానం ఉంది. "చలిగాలి చిక్కన కదా, దాన్ని తోసుకుపోవాలంటే బండికి బరువేగా?" నిజమే, 35 డిగ్రీల గాలి కంటే 5 డిగ్రీల గాలి పదకొండు శాతం దాకా చిక్కన. కానీ 900 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి పది శాతం తక్కువ. రెండూ కలిపి లెక్కవేస్తే కొండమీద చలిగాలీ, కింద మైదానంలో ఎండగాలీ దాదాపు ఒకే చిక్కదనం. పైగా ఆ మలుపుల రోడ్డులో నలభై దాటని బండికి గాలి అడ్డం పెద్ద లెక్కలోకి రాదు. కాగితం మీద వేసి చూపిస్తే మాస్టారు తృప్తిపడ్డారు. ఆ లెక్క బడి పిల్లలకు చెబుతానని కాగితం జేబులో పెట్టుకున్నారు.

మా కుర్రాడికి పెట్రోలులో కలిపే ఇథనాల్ మీద అనుమానం. ఈ రోజుల్లో ప్రతి ఫిర్యాదుకూ ముందు దాని పేరే చెబుతున్నారు. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ. కలిపేది పది శాతం నుంచి ఇరవైకి పెరిగినా మైలేజీలో పోయేది మూడు శాతం చిల్లర. ఎండాకాలంలో కొట్టించిందీ ఆ పెట్రోలే. కాబట్టి దాన్నీ పక్కన పెట్టేశాం.

పది రోజుల తర్వాత మాస్టారు ఫోను చేశారు. 11.2 ఉన్నది 11.4 అయిందట.

రెండో ప్రయత్నం, నా తప్పు

ఈసారి ఈసీయూ రీడింగులు చూపించే స్కానరు తగిలించాను. ఒక్క ఫాల్ట్ కోడూ లేదు. మధ్యాహ్నం, షెడ్డు ముందు ఎండ. ఇంజన్ ఐడిలింగ్‌లో పెట్టి పావుగంట చూశాను. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి మెల్లగా ఎక్కి 90 దాటింది. వేడి బాగానే ఉందని ఆ వరుసకు టిక్కు కొట్టేశాను.

ఇక మిగిలింది ఆక్సిజన్ సెన్సరు. దాని సిగ్నలు కాస్త మందంగా అనిపించింది. పెట్రోలు ఎక్కువ పోతోంది, ఎక్కువ తక్కువలు చెప్పే సెన్సరేమో మందంగా ఉంది. కథ అతికింది. కథ అతికితే చాలు, మనసు ఇంకో దారి వెతకదు. కొన్ని వేల రూపాయల సెన్సరు తెప్పించి వేశాను.

మైలేజీ అంగుళం కదల్లేదు.

మాస్టారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "పోనీలే బాబూ, చలి తగ్గాక చూద్దాం" అన్నారు. ఆ మాట నన్ను బాగా కుదిపింది. చలి తగ్గితే మైలేజీ కొంత దానంతటదే పెరుగుతుంది, నేనే బాగు చేశాననుకుంటారు. మళ్లీ డిసెంబరుకు అదే కారు అదే జబ్బుతో దిగుతుంది.

పుస్తకంలో ఉన్న జవాబు

"మాస్టారూ, పదిహేడని మీరెలా లెక్కేశారు?" అని అప్పుడడిగాను. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న. డ్యాష్‌బోర్డులో అంకె చూశానంటారనుకున్నాను. ఆయన కారులోంచి ఒక నోటుపుస్తకం తీశారు. కారు కొన్న దగ్గర్నుంచి ప్రతి ఫుల్ ట్యాంకుకూ తేదీ, కిలోమీటర్లు, లీటర్లు రాసి ఉన్నాయి. ఒకే బంకు, ఒకే పంపు, ఆటో కట్ అయ్యేదాకా. ఇంత శుభ్రమైన లెక్క నా సర్వీసులో నేను చూళ్లేదు.

అందులో రెండు విషయాలు కనబడ్డాయి.

ఒకటి, ఆ పదిహేడు మే నెలది. బడికి సెలవులు. మాస్టారు విశాఖ, రాజమండ్రి, పెళ్లిళ్లు అంటూ హైవే మీద తిరిగారు. హైవే పదిహేడుతో బడి రోడ్డు పదకొండును పోల్చడం అసలు తప్పు. పడిపోయిందనుకున్న దాంట్లో చాలాభాగం చలిదీ కాదు, జబ్బుదీ కాదు, ప్రయాణం పొడవుది.

రెండు, అంతకుముందు ఏడాది డిసెంబరు. అదే చలి, అదే బడి, అదే ఆరు కిలోమీటర్లు. మైలేజీ 13.6. దానికి ముందు వానాకాలంలో, బడి నడిచే రోజుల్లో, 15.2. అంటే చలి తన వాటాగా తీసుకునేది పది శాతం. ఇది ఎవరూ ఆపలేనిది. 13.6 నుంచి 11.2కి పడిన మిగతాది మాత్రం చలి పని కాదు. నిరుటి జనవరికీ ఈ డిసెంబరుకీ మధ్య బండికి ఏదో జరిగింది.

"మధ్యలో ఏమైనా రిపేరు చేయించారా?"

కాసేపు ఆలోచించారు. మే నెలలో ఘాట్ ఎక్కుతుంటే ఎర్ర దీపం వెలిగిందట. దారిలో ఎవరో మెకానిక్కు గంటలో సరిచేసి పంపించాడట. ఏం చేశాడో తెలియదు, మళ్లీ ఎప్పుడూ వేడెక్కలేదు.

నాకు అప్పుడు జాబ్ కార్డులో రెండో వరుస గుర్తొచ్చింది. హీటరులో వచ్చేది ఇంజన్ వేడే. ఇంజన్ వేడెక్కకపోతే హీటరు ఎక్కడిది తెచ్చిస్తుంది?

తెల్లవారుజామున కొండమీద

అయితే నా స్కానరు 90 చూపించింది కదా. అక్కడే నేను మోసపోయాను. కదలని బండిలో రేడియేటరుకు గాలి తగలదు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరుకు పోనివ్వని థర్మోస్టాటు ఉన్నా లేకపోయినా, ఎండలో ఐడిలింగ్‌లో వదిలేస్తే ఇలాంటి పెట్రోలు ఇంజను చివరికి వేడెక్కుతుంది. జబ్బు కొండమీద చలిలో, కదులుతున్న బండిలో ఉంది. నేను పరీక్ష చేసింది కొండ కింద, ఎండలో, నిలబెట్టిన బండికి.

ఆ రాత్రి కొండెక్కి తెలిసినవాళ్లింట్లో పడుకున్నాను. పొద్దున్న ఆరూ నలభైకి మాస్టారి వాకిట్లో కారు. కూలెంట్ 9 డిగ్రీలు. స్టార్టు చేశాం, ఆర్‌పీఎం 1,400కి ఎక్కింది. మాస్టారు లోపలికెళ్లి కాఫీ తాగి వచ్చారు. పది నిమిషాలకు 41. నీలి దీపం ఇంకా వెలుగుతోంది.

"నిరుడు రెండు మూడు నిమిషాల్లో ఆరిపోయేది" అన్నారు. "ఈ ఏడు ఎంతసేపున్నా ఆరట్లేదు, అందుకే ఎక్కువసేపు వేడి చేస్తన్నాను."

కలవరపడాల్సిన మాట అది. చల్లటి ఇంజన్ ఐడిలింగ్‌లో గంటకు లీటరు దాకా తాగుతుంది. పది నిమిషాలకు 0.17 లీటరు. ఆయన రోజంతా తిరిగే పన్నెండు కిలోమీటర్లకు పోయే పెట్రోలే లీటరు. అందులో ఆరోవంతు, బండి వాకిలి దాటకముందే.

బయల్దేరాం. ఆరు కిలోమీటర్ల తర్వాత 47. మధ్యలో ఒక పల్లంలో దిగుతుంటే 44కి జారింది కూడా. ఇంకోటి గమనించాను. వేడెక్కిన ఇంజనైతే, గేరులో ఉండగా పల్లంలో యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే ఈసీయూ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను పూర్తిగా మూసేస్తుంది. అప్పుడు పెట్రోలు సున్నా. న్యూట్రల్లో దిగితేనే ఆదా అనుకునేవాళ్లకు ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. న్యూట్రల్లో ఐడిలింగ్ పెట్రోలు పోతూనే ఉంటుంది, బ్రేకులూ కాలతాయి. కానీ చల్లటి ఇంజనుకు ఈసీయూ ఆ మూత వెయ్యదు. ఆ పొద్దున్న పల్లంలో ఒక్కసారి కూడా ఇంజెక్టరు రీడింగు సున్నాకు రాలేదు. దిగేటప్పుడూ తాగుతోంది, ఎక్కేటప్పుడూ తాగుతోంది.

అట్టముక్క

అనుమానం థర్మోస్టాటు మీద గట్టిగా ఉంది. ఒకసారి తొందరపడి సెన్సరు మార్చినవాణ్ని కాబట్టి, ఈసారి విప్పకముందే రుజువు కావాలనుకున్నాను. చలి ప్రాంతాల్లో లారీ డ్రైవర్లు రేడియేటరు ముందు గోనెసంచో అట్టో కడతారు. మర్నాడు పొద్దున్న అదే చేశాను. సగం రేడియేటరుకు అట్టపెట్టె ముక్క అడ్డం పెట్టి, అదే దారిలో, ఐడిలింగ్ లేకుండా బయల్దేరాం. 55 దగ్గర నీలి దీపం ఆరింది. బడి చేరేసరికి 71. హీటరులోంచి వెచ్చటి గాలి వచ్చింది.

"అయితే అట్ట అలాగే ఉంచేద్దాం, ఖర్చు లేదు" అన్నారు మాస్టారు నవ్వుతూ.

"అట్టకు ఎప్పుడు తెరుచుకోవాలో తెలీదు మాస్టారూ. ఆదివారం మీరు కిందికి వెళ్లి ఘాట్ ఎక్కుతారు, ఎర్ర దీపం వెలుగుతుంది."

థర్మోస్టాటు పనే అది. లోపల మైనం ఉన్న చిన్న కవాటం. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, నీళ్లు రేడియేటరు వైపు పోకుండా ఇంజన్ చుట్టూనే తిప్పుతుంది. 82 దగ్గర మైనం కరిగి ఉబ్బి తెరుచుకుంటుంది.

షెడ్డులో థర్మోస్టాటు కూర్చునే హౌసింగు విప్పితే లోపల ఖాళీ. కవాటం లేదు. మే నెల మెకానిక్కు తీసేశాడు. మా వైపు ఎండలకు ఇది పాత అలవాటు. 'వాల్వు తీసేస్తే వేడెక్కదు' అంటారు. వేడెక్కదు, నిజమే. ఎప్పటికీ వేడెక్కదు. కొన్ని ఇంజన్లలో అయితే అది తీసేస్తే నీళ్లు రేడియేటరును తప్పించుకుని బైపాసు దారిలోనే తిరిగి, ఇంకా వేడెక్కుతాయి కూడా.

వెంటనే ఎందుకు వెయ్యలేదు

కొత్త థర్మోస్టాటు వెయ్యి రూపాయల లోపే. మా కుర్రాడు తెచ్చేశాడు కూడా. నేను ఆపాను. తీసేసినవాడు సరదాకి తీయలేదు కదా. మే నెలలో ఆ బండి నిజంగానే వేడెక్కింది. ఆ కారణం లోపలే ఉంటే, నేను థర్మోస్టాటు వెయ్యగానే అది మళ్లీ లేస్తుంది. చలికాలమంతా నాకు మంచి పేరు, ఏప్రిల్లో వేడికి హెడ్ గాస్కెట్ పోవడం.

మూత తీసి చూస్తే కూలెంటుకు బదులు తుప్పు రంగు నీళ్లు. ఎవరో పంపు నీళ్లు పోశారు. రేడియేటరు గొట్టాలు కొన్ని పూడిపోయాయి. ఫ్యాను మోటారుకు బ్యాటరీ నేరుగా ఇస్తే బాగానే తిరిగింది, కానీ దానికి కరెంటు ఇచ్చే స్విచ్చు, రిలే, కాంటాక్టులు కాలిపోయి ఒక్కోసారి పట్టేది, ఒక్కోసారి పట్టేది కాదు. అసలు జబ్బు ఇదీ. రేడియేటరు కడిగించి, రిలే మార్చి, సగానికి సగం కూలెంటు కలిపి పోశాం. ఇంజన్లో చిక్కటి ఆయిలు పోసి ఉంది, కంపెనీ చెప్పిన పలచటి 5డబ్ల్యూ-30 పోశాను. చలిలో పొద్దున్నపూట ఆ తేడా స్టార్టరు చప్పుడులోనే తెలుస్తుంది.

కొత్త థర్మోస్టాటును స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, థర్మామీటరు పెట్టి, స్టవ్వు మీద వేడి చేసి చూశాను. 82 దగ్గర నోరు తెరిచింది. కొత్తదైనా సరే, గిన్నెలో చూడనిది ఇప్పుడు నేను బిగించను.

పాత ఆక్సిజన్ సెన్సరు మళ్లీ బిగించి, కొత్తదాని డబ్బు మాస్టారికి తిరిగిచ్చాను. తీసుకోనన్నారు. తీసుకోకపోతే నాకు నిద్రపట్టదన్నాను. ఆ కొత్త సెన్సరు ఇప్పుడు నా షెల్ఫులో ఉంది, ఏదో ఒక రోజు నిజంగా పనికొస్తుంది.

ఫలితం

పనులన్నీ ఒకేసారి చేస్తే దేనికెంత వచ్చిందో తెలియదు. అందుకని రేడియేటరు పని చేసేలోపు మాస్టారిని ఒక ట్యాంకు ఐడిలింగ్ మానేసి నడపమన్నాను. స్టార్టు చేసి అరనిమిషం ఆగి, మొదటి రెండు కిలోమీటర్లు ఇంజను మీద ఒత్తిడి పెట్టకుండా మెల్లగా. అదొక్కటే 11.4ను 12.7కి తెచ్చింది. పోయినదాంట్లో సగం పైన దారిలో కాదు, వాకిట్లోనే పోతోందన్నమాట. ఆ అలవాటు కూడా లేని థర్మోస్టాటు వల్లే వచ్చిందని మరిచిపోకూడదు. దీపం ఆరితే ఆయన బయల్దేరేవారే.

థర్మోస్టాటు, ఆయిలు వేశాక జనవరి ఆఖరి ట్యాంకు 14.1. నిరుటి చలికాలం కంటే కాస్త ఎక్కువే. పదిహేడు రాదని ముందే చెప్పాను. ఆ రోడ్డులో, ఆ చలిలో, ఆరేసి కిలోమీటర్లకు అది రాదు. బజారు పని బడి నుంచి తిరిగొచ్చేటప్పుడే, ఇంజన్ వేడిగా ఉండగానే చూసుకుంటే ఇంకొంచెం మిగులుతుందన్నాను.

ఇప్పుడు మా షెడ్డులో మారినవి

చలికాలం మైలేజీ ఫిర్యాదు వస్తే, విప్పకముందు మూడు ప్రశ్నలు అడుగుతున్నాం. పోయిన చలికాలం ఎంతిచ్చింది? అప్పటికీ ఇప్పటికీ మధ్య ఎవరు చెయ్యి పెట్టారు? హీటరు వేడిగా వస్తోందా? మూడోదానికి చాలామంది దగ్గర జవాబు ఉండదు. మన వైపు హీటరు మీట ఎటు తిప్పాలో కూడా తెలియని యజమానులు ఎందరో. అందుకే మేమే వేసి చూస్తాం.

స్కానరు లేకపోయినా ఒక పరీక్ష ఉంది. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు స్టార్టు చేసి, రేడియేటరు పై హోసు మీద చెయ్యి వేసి ఉంచాలి. ఇలాంటి ఇంజన్లలో థర్మోస్టాటు బాగుంటే హోసు చాలాసేపు చల్లగా ఉండి, ఒక్కసారిగా కాలుతుంది. మొదట్నుంచీ మెల్లమెల్లగా వెచ్చబడుతుంటే లోపల కవాటం లేనట్టో, తెరుచుకుని ఇరుక్కుపోయినట్టో. ఫ్యాను దగ్గర చెయ్యి జాగ్రత్త. మాస్టారి కారుకు మొదటి రోజు పొద్దున్న ఈ చెయ్యి వేసి ఉంటే సెన్సరు జోలికే పోయేవాణ్ని కాదు.

డీజిల్ బళ్లకు ఇది ఇంకా ముఖ్యం. డీజిల్ ఇంజను ఐడిలింగ్‌లో వేడెక్కడమే తక్కువ. థర్మోస్టాటు తీసేసిన డీజిల్ జీపు కొండమీద చలికాలమంతా చల్లగానే తిరుగుతుంది.

మే నెలలో మాస్టారు ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కి ఫోను చేశారు. ఫ్యాను తిరిగిన చప్పుడు విన్నారట, ఎర్ర దీపం వెలగలేదట. మొన్న సర్వీసుకు వచ్చినప్పుడు నోటుపుస్తకం చూపించారు. తేదీ, కిలోమీటర్లు, లీటర్ల పక్కన జనవరి నుంచి నాలుగో గడి గీశారు. నీలి దీపం ఎక్కడ ఆరింది అని. మొదటి రోజు 'బడి దాకా ఆరలేదు' అని ఉంది. కింద వరసగా 'చింతచెట్టు', 'చింతచెట్టు', 'కల్వర్టు', 'చింతచెట్టు దాటాక, మంచు ఎక్కువ'.